పొద్దున ఒట్టు, సాయంత్రం క్వార్టర్: వ్యసనం, వర్కింగ్ మెమరీ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండలో నా దగ్గరికి కౌన్సెలింగ్‌కు వచ్చేవాళ్ళు అడిగే ప్రశ్నలే ఇవి. అడిగేది ఎక్కువగా ఇంటివాళ్ళు. తాగేవాళ్ళు, జూదం ఆడేవాళ్ళు మొదట్లో పెద్దగా ఏమీ అడగరు, తల వంచుకుని కూర్చుంటారు. సంకల్పం గురించి మన దగ్గర చాలా మాటలు చెబుతారు. నేను మాత్రం సంకల్పం కంటే, తాగాలని, ఆడాలని మనసు గుంజే నిమిషంలో మనిషి ముందు ఏముంటుందో చూస్తాను. కింది జవాబుల్లో అదే ఎక్కువగా కనిపిస్తుంది.

మేడం, మా ఆయన పొద్దున పిల్లల తల మీద చెయ్యి పెట్టి ఒట్టేస్తాడు. సాయంత్రం తాగి వస్తాడు. ఆ ఒట్టు అబద్ధమేనా?

కాదు, చాలాసార్లు ఆ ఒట్టు నిజమే. ఒట్టేసేటప్పుడు ఆయన ముందు మీరున్నారు, పిల్లలున్నారు, రాత్రి జరిగిన గొడవ ఉంది, సిగ్గు ఉంది. సాయంత్రం ఆరింటికి డ్యూటీ దిగి బెల్టు షాపు మీదుగా వచ్చేటప్పుడు ఇవేవీ ముందుండవు. ఒట్టు మరిచిపోయాడని కాదు, అడిగితే టక్కున చెబుతాడు. కానీ ఆ నిమిషంలో నిర్ణయం తీసుకునే చోట ఆ ఒట్టు లేదు. అక్కడ ఇంకేదో కూర్చుంది. ఒక విషయం మెదడులో ఎక్కడో భద్రంగా ఉండటం వేరు, కావలసిన క్షణంలో ఎదురుగా నిలబడటం వేరు. ఆ రెండో పని చేసేది వర్కింగ్ మెమరీ.

వర్కింగ్ మెమరీ అంటే జ్ఞాపకశక్తే కదా?

పూర్తిగా అది కాదు. చిన్నప్పటి బడి, పెళ్ళి రోజు, పొలం సర్వే నంబరు గుర్తుండటం దీర్ఘకాల జ్ఞాపకం. అది సామాన్ల గది లాంటిది, ఎంతైనా పడుతుంది. వర్కింగ్ మెమరీ పొయ్యి పక్కన గట్టు. అక్కడ నాలుగు గిన్నెలకే చోటు. వంట జరిగేది మాత్రం ఆ గట్టు మీదే.

నాలుగు అని ఊరికే అనలేదు. 1956లో జార్జ్ మిల్లర్ మనిషి ఒకేసారి ఏడు, అటూ ఇటూగా రెండు అంశాలు పట్టుకోగలడని రాశాడు. 2001లో నెల్సన్ కోవన్ ఆ లెక్కను సుమారు నాలుగుకు తగ్గించాడు. బ్యాడ్లీ, హిచ్ అనే ఇద్దరు బ్రిటిష్ శాస్త్రవేత్తలు 1974లో ఇది ఒట్టి నిల్వ కాదని, పట్టుకుంటూనే పని చేసే వ్యవస్థ అని చెప్పారు. కిరాణా షాపాయన కాగితం లేకుండా ఐదు సామాన్ల ధర కూడుతూ, మధ్యలో పాత బాకీ కలిపి, మీరిచ్చిన నోటుకు చిల్లర చెబుతాడు చూడండి, అదే. మేము పరీక్షించాలంటే అంకెలు చెప్పి వెనక నుంచి చెప్పమంటాం. 7, 2, 9, 4 అంటే 4, 9, 2, 7. ఇంట్లో సరదాకు చేసుకోవచ్చు. తప్పు చెప్పాడని ఎవరికీ జబ్బు పేరు మాత్రం పెట్టకండి. నిద్ర లేకపోయినా, జ్వరమున్నా ఎవరైనా తప్పుతారు.

సరే, షాపు ముందుకు రాగానే లోపల ఏమవుతుంది?

నుదుటి వెనక ఉండే మెదడు భాగం, ప్రీఫ్రంటల్ కార్టెక్స్, లక్ష్యాన్ని ముందు నిలబెట్టి ఉంచుతుంది. లోపల లోతుగా ఉండే స్ట్రయేటమ్ అలవాటును, బహుమతిని చూసుకుంటుంది. రెండిటికీ మధ్య ఎప్పుడూ లాగుడే.

డోపమైన్ అనే మెదడు రసాయనం అంటే ఆనందం అని యూట్యూబ్‌లో చెప్పేది సగమే. 1990లలో వుల్‌ఫ్రమ్ షుల్ట్జ్ కోతుల మీద చేసిన ప్రయోగాల్లో, మొదట పళ్ళరసం నోట్లో పడినప్పుడు డోపమైన్ కణాలు స్పందించాయి. రసం కంటే ముందు ఒక సూచన వస్తుందని కోతి నేర్చుకున్నాక, ఆ స్పందన రసం దగ్గర ఆగిపోయి సూచన దగ్గరికి జరిగింది. మనిషిలోనూ అంతే. పర్మిట్ రూమ్ బయట మిర్చి బజ్జీల వాసన, ప్లాస్టిక్ గ్లాసుల కట్ట, 'అన్నా, ఏడున్నవ్?' అని దోస్తు ఫోను. చుక్క నోట్లో పడకముందే మెదడులో పని మొదలైపోయింది. ఆ సూచనలు గట్టంతా ఆక్రమిస్తాయి. రేపటి ఫీజు, డాక్టరు మాట, మీ ముఖం కిందికి దిగిపోతాయి. ఒక పెగ్గు పడిందంటే ఇంకా ఇరుకు. మత్తులో మనిషికి దగ్గరున్నదే కనిపిస్తుంది, దూరమున్నది కనిపించదు. తాగి ఉన్నవాడితో రాత్రి పదింటికి పంచాయితీ పెట్టవద్దని నేను అనేది ఇందుకే. మీరు చెప్పేవి ఐదు మాటలైతే ఆయనకు చివరిది, అదీ మీరు గట్టిగా అరిచినది మాత్రమే అందుతుంది.

తాగడం వల్ల ఇట్లా అయ్యాడా, ముందు నుంచే ఇంతేనా?

రెండూ. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972, 1973ల్లో పుట్టిన వెయ్యి మందికి పైగా పిల్లల్ని దశాబ్దాల పాటు గమనించారు. చిన్నప్పుడు ఆత్మనియంత్రణ తక్కువగా ఉన్నవాళ్ళలో పెద్దయ్యాక మత్తు అలవాట్ల సమస్య ఎక్కువగా ఉందని 2011లో ప్రకటించారు. ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం) ఉన్న పిల్లల్లోనూ ముప్పు ఎక్కువే. అంటే కొందరికి మొదటి నుంచే బ్రేకు కాస్త లూజు. ఆ పైన ఏళ్ళ తరబడి మద్యం అదే బ్రేకును అరగదీస్తుంది.

దీన్ని గుణం మీదికి నెట్టేవాళ్ళకు నేనొక విషయం చెబుతాను. పార్కిన్సన్స్ జబ్బుకు వాడే ప్రామిపెక్సోల్, రోపినిరోల్ లాంటి మందులు డోపమైన్ పనిని అనుకరిస్తాయి. జీవితంలో పేక ముట్టని పెద్దమనుషులు కొందరు ఈ మందులు మొదలయ్యాక జూదంలో పడ్డారు, అవసరం లేని వస్తువులు కొనిపెట్టారు. డాక్టరు మోతాదు తగ్గిస్తేనో, మందు మారిస్తేనో చాలామందిలో ఆ పిచ్చి దిగిపోయింది. అరవై ఏళ్ళు తెచ్చుకున్న మంచి పేరు ఒక మాత్ర ముందు నిలబడలేదు. (మీ ఇంట్లో ఎవరైనా ఈ మందులు వాడుతుంటే సొంతంగా ఆపకండి, డాక్టరుకు చెప్పండి.)

మాల వేసుకుంటే నలభై ఒక్క రోజులు ముట్టడు. తీయగానే మొదలు. అంటే కావాలనే తాగుతున్నట్టే కదా?

ఈ ప్రశ్న అడగని ఇల్లు లేదు. అయ్యప్ప మాలైనా, కొండగట్టు అంజన్న దీక్షైనా ఇదే కథ. నాకు చాలా ఇష్టమైన ప్రశ్న కూడా.

మాలలో ఉన్న మనిషి రోజు ఎలా గడుస్తుందో చూడండి. తెల్లవారకముందే చన్నీళ్ళ స్నానం. ఒంటి మీద నల్ల బట్టలో, కాషాయమో. మెడలో మాల, చెయ్యి తగిలినప్పుడల్లా తెలుస్తుంది. భార్యాపిల్లలతో సహా అందరూ 'స్వామీ' అనే పిలుస్తారు. సాయంత్రం వైన్స్ దగ్గర గడిచే టైము పూజలో, భజనలో, పక్క స్వామి ఇంట్లో భిక్షలో గడుస్తుంది. దావత్‌కు పిలిచే దోస్తులే దూరం జరుగుతారు. షాపువాడు కూడా ఇవ్వడానికి జంకుతాడు. అంటే లక్ష్యాన్ని ఆయన మనసులో మోయనవసరం లేదు. బట్ట మోస్తోంది, మాల మోస్తోంది, ఊరు మోస్తోంది. వర్కింగ్ మెమరీ బలహీనంగా ఉన్నవాడికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఏ డాక్టరూ రాసివ్వలేడు.

మాల తీసిన రోజు ఇవన్నీ ఒకేసారి పోతాయి. పాత దారి, పాత టైము, పాత ఫోను తిరిగొస్తాయి. కాబట్టి మాలలో మానగలిగాడంటే ఆయనలో మానే శక్తి ఉందని అర్థం, దానికి ఆసరా కావాలని కూడా అర్థం. మాల తీసే ముందు వారమే కూర్చుని, రేపటి నుంచి ఆ సాయంత్రాలు ఎక్కడ గడుస్తాయో రాసుకోమంటాను. తీశాక కాదు, ముందే.

ఇంకో ముఖ్యమైన సంగతి. రోజూ బాగా తాగేవాళ్ళు మాల కోసం ఒక్కసారిగా ఆపితే ప్రమాదం ఉంది. చేతులు వణకడం, చెమటలు, నిద్ర పట్టకపోవడం మొదటి రోజే మొదలవుతాయి. రెండు రోజుల లోపు ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య లేనివి కనిపించి, లేని మాటలు వినిపించి, మనిషి తికమకపడితే అది దేవుడు పూనడం కాదు. డెలిరియం అంటారు, ప్రాణాల మీదికి వస్తుంది. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. గురుస్వాములు ఈ సంగతి తెలుసుకుని, దీక్షకు ముందే డాక్టరును కలవమని చెబితే ఎంతో మేలు.

మా బాపు మందు తాగడు, కల్లే. చెట్టు కల్లు ఒంటికి మంచిదే కదా?

చెట్టు కింద దించిన కల్లులోనూ ఆల్కహాల్ ఉంటుంది, తక్కువ. అసలు చిక్కు కల్తీ కల్లుతో. తెలంగాణలో కొన్నిచోట్ల క్లోరల్ హైడ్రేట్, డైజీపాం, అల్ప్రాజోలం కలిపి అమ్మిన కేసులు ఏళ్ళుగా వస్తూనే ఉన్నాయి. 2015లో దాడులు పెరిగి ఆ కల్లు దొరక్కపోయేసరికి నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో జనం ఫిట్స్‌తో, పిచ్చి చూపులతో, మెడలు వంకర్లు పోయి ఆసుపత్రులకు వచ్చారు. తాము కల్లు మాత్రమే తాగుతున్నామని వాళ్ళు అనుకున్నారు. నిజానికి రోజూ నిద్రమాత్రల మందు తాగారు.

డైజీపాం, అల్ప్రాజోలం కొత్త జ్ఞాపకాలు ఏర్పడకుండా అడ్డుపడతాయి. రాత్రి ఏం మాట్లాడాడో యాదికి లేదంటే చాలాసార్లు నటన కాదు. ఒక కల్లు కంపౌండ్‌లో తాగితేనే తృప్తి, ఇంకోచోట తాగితే వణుకు అని ఎవరైనా అంటే అనుమానించండి. అలాంటివాళ్ళకు ఇంట్లో హఠాత్తుగా బంద్ పెట్టకండి. డాక్టరు చేతిలో మెల్లగా తగ్గించాలి.

మా తమ్ముడు తాగడు, సిగరెట్ కూడా లేదు. ఫోన్‌లో రమ్మీ, బెట్టింగ్. లక్షల్లో పోయింది. ఇదీ అదేనా?

అదే. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించిన రోగాల పట్టికలో జూదం అలవాటు మద్యం పక్కనే వ్యసనాల కింద ఉంది.

1994లో మెదడు శాస్త్రవేత్త అంటోనియో డమాసియో బృందంలోని బెకారా ఒక ఆట తయారు చేశాడు. నాలుగు పేక కట్టలు. రెండు కట్టల్లో ముక్క తీసిన ప్రతిసారీ 100 డాలర్లు వస్తాయి, మధ్యలో పెద్ద దెబ్బలు తగులుతాయి. పది ముక్కలయ్యేసరికి మొత్తం మీద 250 పోతుంది. మిగతా రెండిట్లో 50 చొప్పునే వస్తుంది, దెబ్బలు చిన్నవి, పది ముక్కలకు 250 మిగులుతుంది. మామూలు వాళ్ళు కొంతసేపటికి చిన్న కట్టల వైపు జరుగుతారు. నుదుటి వెనక కింది భాగం దెబ్బతిన్నవాళ్ళు పెద్ద కట్టలను వదలలేకపోయారు. తరువాత చేసిన పరీక్షల్లో వ్యసనాల్లో ఉన్నవాళ్ళు చాలామంది కూడా అలాగే ఆడారు. వచ్చిన 100 కళ్ళ ముందుంటుంది. పోయిన మొత్తాన్ని మాత్రం కూడుతూ మనసులో మోయాలి.

మీ తమ్ముడి ఫోను ఈ బలహీనత చుట్టూనే కట్టి ఉంది. ఒక్క పేకముక్క తేడాతో ఆట పోయినప్పుడు అది ఓటమిలా కాక దాదాపు గెలుపులా అనిపిస్తుంది. ఇలా 'కొద్దిలో తప్పిన' ఓటములకు మెదడులోని బహుమతి భాగాలు స్పందిస్తాయని 2009లో ల్యూక్ క్లార్క్ బృందం చూపించింది. పైగా ఆటకు, ఆటకు మధ్య ఆలోచించే వ్యవధి ఉండదు. యూపీఐలో డబ్బు పోతే జేబు ఖాళీ అయిన స్పర్శ కూడా తెలియదు. తెలంగాణ 2017లోనే ఆన్‌లైన్ రమ్మీతో సహా డబ్బు ఆటలను నిషేధించింది, 2025లో కేంద్రం కూడా చట్టం చేసింది. అయినా దొంగదారి లింకులు ఫోన్లలో తిరుగుతూనే ఉన్నాయి.

ముందు చేయాల్సింది ఉపన్యాసం కాదు. జీతం పడే ఖాతాను యూపీఐ నుంచి విడదీయండి, రోజు పరిమితి తగ్గించండి, లోన్ యాప్‌లు తీసేయించండి. అప్పుల మొత్తాన్ని ఒకే కాగితం మీద రాయించి గోడకు అంటించండి. కూడే పనిని కాగితానికి అప్పగించాలి. అప్పు తీర్చేసి 'ఇదే చివరిసారి' అనకండి. ఆ తీర్చిన డబ్బు కొత్త ఆటకు దారి.

అప్పుల టెన్షన్‌తోనే తాగుతున్నా అంటాడు. సాకేనా?

సాకు కొంత, నిజం కొంత. తమిళనాడులో చెరకు రైతులను పంట చేతికి రాకముందు, వచ్చాక పరీక్షించి 2013లో ఒక అధ్యయనం ప్రచురించారు. అదే రైతు, డబ్బు ఇబ్బంది ఉన్న రోజుల్లో ఆలోచనా పరీక్షల్లో తక్కువ చేశాడు, డబ్బు వచ్చాక మెరుగయ్యాడు. మన దగ్గర పత్తి రైతు ఎనుమాముల మార్కెట్‌లో కాంటా కోసం రాత్రంతా బస్తాల పక్కన కూర్చుని, కమీషన్ వ్యాపారి బాకీ, మిత్తి, కూతురి ఫీజు మనసులో తిప్పుకుంటుంటే ఇంకో ఆలోచనకు చోటెక్కడిది?

విచిత్రమేమిటంటే చేతికి డబ్బొచ్చిన రోజు కూడా అంతే ప్రమాదం. పంట అమ్మిన రోజు, సింగరేణిలో జీతం, బోనస్ పడిన రోజు. నగదు తానే ఒక సూచన. ఆ రోజు ఇంటి మనిషి ఒకరు తోడుండి, డబ్బు నేరుగా ఖాతాలో పడేలా చూసుకుంటే చాలు.

మెమరీ పెంచే యాప్‌లు ఉన్నాయట. వాడితే తాగుడు తగ్గుతుందా?

డబ్బు పెట్టకండి. 2011లో రెండు అధ్యయనాలు ఆశ పుట్టించాయి. ఒకదాంట్లో బికెల్ బృందం ఉత్తేజక మత్తుమందులు వాడినవాళ్ళకు వర్కింగ్ మెమరీ శిక్షణ ఇస్తే, ఇప్పుడే కావాలనే తొందర తగ్గింది. ఇంకోదాంట్లో నెదర్లాండ్స్‌లో ఎక్కువ తాగేవాళ్ళలో కొందరు తాగడం తగ్గించారు. తరువాతి ప్రయోగాల్లో అంత బాగా నిలవలేదు. ఆటలో స్కోరు పెరుగుతుంది, అది జీవితంలోకి దిగుతుందన్న గట్టి రుజువు లేదు. రోజూ ఏడు గంటల నిద్ర, నడక, మానేయడం, ఈ మూడూ మెదడుకు చేసే మేలు ముందు యాప్ ఏపాటిది?

మనసు గుంజినప్పుడు ఆ పూట ఎలా గట్టెక్కాలి?

గుంజడం ఎక్కువగా బొమ్మల్లో వస్తుంది. గ్లాసు కనిపిస్తుంది, రుచి నాలుక మీద ఆడుతుంది. ఆ బొమ్మలు నడవడానికి కావలసింది కూడా వర్కింగ్ మెమరీయే అని 2005లో కవానా, ఆండ్రేడ్, మే అనే పరిశోధకులు చెప్పారు. కాబట్టి కంటికి పని పెట్టే ఇంకో పని ఇస్తే బొమ్మ చెదురుతుంది. ఇంగ్లండ్‌లో టెట్రిస్ అనే ముక్కలు పేర్చే వీడియో గేమ్ ఆడించి చూశారు, తీవ్రత కొంత తగ్గింది. మీరు క్యారమ్స్ ఆడండి, బండి విప్పి క్లీన్ చేయండి, పిల్లాడి డ్రాయింగ్ పుస్తకం తీసుకోండి. కళ్ళు మూసుకుని 'తాగను, తాగను' అనుకుంటే గ్లాసే ముందుకొస్తుంది. గుంజడం చాలావరకు అరగంట లోపే దిగుతుంది.

ఇంకోటి, మాటను ముందే తయారు చేసి పెట్టుకోవడం. 'దావత్‌లో గ్లాసు ముందుకొస్తే, మాత్రలు వాడుతున్నా బావా, అంటాను.' ఇలా 'ఇది జరిగితే ఇది చేస్తాను' అని కట్టుకున్న నిర్ణయాలు ఊరికే 'మానేస్తాను' కంటే బాగా పనిచేస్తాయని పీటర్ గోల్విట్సర్ 1999లో రాశాడు. దసరాకు, మేడారం జాతరకు వెళ్ళేముందు ఇంట్లో గట్టిగా నాలుగుసార్లు పలికించండి. నవ్వొస్తుంది, రానివ్వండి.

ఆయనకు తెలియకుండా అన్నంలో కలిపే మాత్ర ఉందట. ఇస్తారా?

ఇవ్వరు, మీరూ కలపకండి. అది ఎక్కువగా డైసల్ఫిరామ్. దాని మీద మద్యం పడితే ముఖం ఎర్రబడుతుంది, గుండె దడ, వాంతులు, బీపీ పడిపోవడం. ప్రాణం పోయిన సందర్భాలు ఉన్నాయి. ఆపాక కూడా రెండు వారాల వరకు దాని ప్రభావం ఉంటుంది. ఇది తెలిసి, ఒప్పుకుని, ఇంట్లో ఒకరి ముందు వేసుకుంటేనే పనికొచ్చే మందు. రోజూ పొద్దున ఒక్కసారి నిర్ణయం తీసుకుంటే సాయంత్రం నిర్ణయించే అవసరం ఉండదు. గుంజడం తగ్గించే నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ కూడా ఉన్నాయి. ఏది ఎవరికన్నది లివర్, కిడ్నీ పరీక్షలు చూసి సైకియాట్రిస్టు చెబుతారు.

గుట్కా మానితే పని మీద ధ్యాస కుదరడం లేదు.

గుట్కాలో ఉండే నికోటిన్ మానిన మొదటి వారం అంతే. వర్కింగ్ మెమరీ మందగిస్తుంది, చిరాకు. రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు సర్దుకుంటుంది. నికోటిన్ చూయింగ్ గమ్ తోడ్పడుతుంది.

మానేస్తే బుర్ర మళ్ళీ మామూలవుతుందా?

చాలామందికి అవుతుంది. మొదటి కొన్ని వారాల్లోనే తేడా తెలుస్తుంది, నెలల తరబడి మెరుగవుతూ ఉంటుంది. అందుకే మానిన తొలి రోజుల్లో పొడుగాటి సలహాలు వద్దు. ఒకసారికి ఒక మాట, అదీ రాసి ఇవ్వండి.

ఒక మినహాయింపు ఉంది. ఏళ్ళుగా తిండి మానేసి తాగినవాళ్ళలో విటమిన్ బి1 అడుగంటుతుంది. నడక తూలడం, కళ్ళు అదోలా కదలడం, తికమక కనిపిస్తే అత్యవసరం. తాత్సారం చేస్తే కొత్త విషయం ఏదీ నిలవని స్థితి వస్తుంది, నిన్న జరగనిది జరిగినట్టు నమ్మకంగా చెబుతారు. ఊళ్ళో నీరసం అనగానే ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజ్ బాటిల్ ఎక్కించుకోవడం మనకు అలవాటు. తాగేవాళ్ళకు బి1 ఇంజెక్షన్ లేకుండా ఒట్టి గ్లూకోజ్ ఎక్కిస్తే ఆ కొరత ముదరవచ్చు. బాటిల్ పెట్టేముందు బి1 ఇచ్చారా అని అడగండి. అడగడానికి మొహమాటం వద్దు.

మా బాబు పదో తరగతి. ఫోన్ వదలడు. వ్యసనమేనా?

ఫోన్ ఎక్కువ చూడటం దానంతట అది జబ్బు కాదు. గేమింగ్ మీద అదుపు పోయి, చదువు, తిండి, స్నేహాలు దెబ్బతిని, అది దాదాపు ఏడాది సాగితే అప్పుడు జబ్బంటారు. ప్రీఫ్రంటల్ భాగం ఇరవైల మధ్య వరకు ఎదుగుతూనే ఉంటుంది, పిల్లాడి బ్రేకు పెద్దవాళ్ళంత ఉండదు. రాత్రి ఫోన్ వేరే గదిలో పెట్టండి. మీది కూడా.

ఆయన రానంటున్నాడు. ఎక్కడికి వెళ్ళాలి? నేనొక్కదాన్నే రావచ్చా?

రావచ్చు, చాలా ఇళ్ళలో మొదట వచ్చేది భార్యో, తల్లో. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో సైకియాట్రీ విభాగం ఉంది. ఫోన్‌లో అయితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416, తెలుగులో మాట్లాడతారు. మత్తు అలవాట్లకు ప్రత్యేకంగా 14446 ఉంది. గొలుసులు వేసి, కొట్టి మానిపిస్తామనే చోటికి పంపకండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం గొలుసులతో కట్టేయడం నేరం. వచ్చేటప్పుడు ఆయన రోజూ ఎంత తాగుతారో, చివరిసారి ఎప్పుడు ఆపారో, అప్పుడు ఫిట్స్ వచ్చాయో లేదో, వాడుతున్న మాత్రల పేర్లు ఒక కాగితం మీద రాసుకుని రండి. తాగని పూట, పొద్దున చాయ్ అప్పుడు, 'నేను రేపు వెళ్తున్నా, నువ్వు వస్తే సంతోషం' అని ఒక్కసారి చెప్పి వదిలేయండి.